దుప్పటి మడతలో పట్టేంత మాట

అన్న టీ ఫ్లాస్కుని ముక్తసరి కడుగుతోంది. లోపలికి చెయ్యి పట్టదు. అందుకని పుల్ల కొసకి గుడ్డ చుట్టి, అడుగున పేరుకున్న టీ మరకని ఓపిగ్గా రుద్దుతోంది. చేతులు అలవాటైన పనిలో ఉన్నాయి గానీ, చూపంతా గడప మీద కూర్చున్న అన్న మీదే ఉంది. ఫ్లాస్కు కోసమే అయితే ఆయన అలా కూర్చోడు. వస్తాడు, తీసుకుంటాడు, పోతాడు.

"చెల్లాయ్, నువ్వొక సాయం చెయ్యాలి" అన్నాడు చివరికి.

పుల్ల ఆగిపోయింది. ఈ అన్న ఆమెని ఇంతవరకూ ఏదీ అడిగి ఎరగడు. కాపురం పొసగక పెట్టె పట్టుకుని ఇదే గడపలో నిలబడ్డ రోజున కూడా ఎందుకొచ్చావని అడగలేదు. "లోపలికి రా, వాన వచ్చేలా ఉంది" అన్నాడు అంతే. ఆ తర్వాత వానా రాలేదు, ప్రశ్నా రాలేదు.

అన్న సినిమా హాల్లో ఆపరేటరు. మీసాలు మొలవని వయసులో ఆ మిషను గదిలోకి వెళ్ళాడు. మీసాలు నెరిశాయి, ఇంకా అక్కడే ఉన్నాడు. మిషన్లు మారాయి, మనిషి మారలేదు. హాలుకి వెనక ఉన్న ఈ రెండు గదులూ ఆ ఉద్యోగంతో వచ్చినవే. వంటగదికీ తెరకీ మధ్య ఒకటే గోడ. అవతల ఫైటింగు జరుగుతుంటే ఇవతల గిన్నెలు సన్నగా వణుకుతాయి. పాట వస్తే వదిన గరిటె ఆ తాళానికే తిరుగుతుంది.

"యజమాని నిన్న వచ్చాడు. రేపు వేసే బొమ్మ కూడా ఖాళీగా ఆడిందంటే హాలుకి తాళం వేసేస్తాడట. సిమెంటు గోడౌనుకి ఇచ్చేస్తానంటున్నాడు. బస్తాలైతే ఏసీ పనిచెయ్యట్లేదని గొడవ చెయ్యవట." అన్న నవ్వబోయాడు. నవ్వు కుదరలేదు. "మీ లాండ్రీలో ఆడవాళ్ళంతా నీ మాట మీదే సినిమాకి వస్తారు కదా. ఈసారికి ఎలా ఉన్నా సరే, బాగుందని చెప్పు. నాకు ఇంకో పని చేతకాదు, ఈ వయసులో ఎవడూ నేర్పడు."

లోపల్నుంచి వదిన వింటోంది. కత్తిపీట చప్పుడు ఆగిపోయింది కాబట్టి వింటోందని తెలుస్తూనే ఉంది.

"చెప్తాను" అంది ముక్తసరి.

ఆ పేరు ఆమెకి లాండ్రీలో పెట్టారు. లాండ్రీ అంటే వీధి మలుపులో ఇస్త్రీ బల్ల కాదు. లాడ్జిల దుప్పట్లూ, ఆసుపత్రుల దుప్పట్లూ వ్యాన్ల కొద్దీ వచ్చి పడే పెద్ద రేకుల షెడ్డు. ఆరబెట్టే మిషన్ల మోతలో పక్కనున్న మనిషి మాట చెవిన పడదు. దుప్పటి మడత పెట్టేటప్పుడు మాత్రమే మనుషులు దగ్గరవుతారు. ఇద్దరు చెరో వైపూ పట్టుకుని, ఒక్క దులుపు దులిపి, ఎదురెదురుగా నడిచి మూలలు కలుపుతారు. మూలలు చేతులు మారే ఆ కాస్తలో ఏం చెప్పుకుంటే అదే కబురు. మళ్ళీ వెనక్కి వెళ్ళాలి, మళ్ళీ ముందుకు రావాలి. పెళ్ళిళ్ళూ, చావులూ, మొగుళ్ళ బాగోతాలూ అన్నీ ఆ షెడ్డులో ముక్కలు ముక్కలుగానే తెలుస్తాయి. మిగతావాళ్ళకి కబురు మడతలో పట్టక తర్వాతి దుప్పటికి పాకుతుంది. ఈమెకి మాత్రం ఎప్పుడూ సరిపోయేది. ఒక్కోసారి మిగిలేది కూడా.

ఆమెకి జోడీ నిచ్చెన. పొడుగు మనిషి. పై అరలన్నీ ఆమెవే. కొత్త సినిమా పడ్డ మర్నాడు నిచ్చెన మొదటి దుప్పటి అందుకుంటూనే అడిగేది, "ఎలా ఉంది?" అని.

"హీరో తల్లి చచ్చేదాకా కథ మొదలవదు. ఆవిడేమో గట్టి పిండం."

దెయ్యం సినిమాకి: "దెయ్యం పాపం మంచిదే. మిగతావాళ్ళే భయపెట్టారు."

పెద్ద హీరో సినిమాకి మూడు మడతలు పట్టింది. మొదటి మడతకి "కొట్టాడు" అంది. రెండో మడతకి "మళ్ళీ కొట్టాడు" అంది. మూడోదానికి "కొట్టడానికి ఎవరూ మిగల్లేదు, ఇంటికొచ్చేశాం" అంది.

ప్రేమ సినిమాకి: "వాళ్ళిద్దరికీ ఎవరైనా తొందరగా పెళ్ళి చేస్తే బాగుండు. మనల్ని వదిలేస్తారు."

ఈ మాటలు ఒక జోడీ నుంచి ఇంకో జోడీకి, దుప్పటి నుంచి దుప్పటికి వెళ్ళి, మధ్యాహ్నానికి షెడ్డు ఆ కొసన దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ మిషను దగ్గరుండే పిన్నికి చేరేవి. పిన్ని అందరికంటే పెద్దది. ఆమె తలూపితే ఆ ఆదివారం ప్రయాణం ఖాయం. అసలు ముక్తసరి నోట అందరికంటే పెద్ద మెప్పు ఒకటే మాట: "కూర్చోవచ్చు." అంతకుమించి ఆమె ఏ సినిమానీ మెచ్చుకున్నది లేదు. ఆ మాట వచ్చిందంటే షెడ్డుకి షెడ్డే పిల్లాజెల్లాతో కదిలేది. వాళ్ళ వెనక వాళ్ళ వీధులు కదిలేవి. అన్న మిషను గది కిటికీలోంచి తొంగిచూసి, నిండిన కుర్చీల్ని చూసుకుని, ఆ రాత్రి ఇంటికొచ్చి రెండో ముద్ద అడిగి పెట్టించుకునేవాడు.

సినిమా పడ్డ రోజు సాయంత్రం డ్యూటీ దిగి, ముక్తసరి తిన్నగా హాలుకే వెళ్ళింది. ఎలా ఉన్నా బాగుందని చెప్పాలి కదా అన్న భయంతో కూర్చుంది. భయానికి తగ్గట్టే సినిమాలో ఫైటింగు లేదు, పాట లేదు, పేరున్న మొహం ఒక్కటీ లేదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. తల్లి పోయాక ఇల్లు పంచుకుని, వంటగది మధ్యలో నిలువెత్తు గోడ కట్టించుకుంటారు. మాటల్లేవు. గోడకి అటు ఒకామె, ఇటు ఒకామె వండుకుంటూ ఉంటారు. అక్క గిన్నె చప్పుడు చెల్లెలికి తెలుస్తుంది, చెల్లెలి గరిటె చప్పుడు అక్కకి తెలుస్తుంది. అంతే సినిమా. వెనక వరసలో ఎవడో "మాటలు రాసినవాడికి జీతం ఇవ్వలేదేమో" అన్నాడు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు.

ఒక పొద్దున అక్క వైపు నుంచి చప్పుడు రాదు. చెల్లెలు గరిటె ఆపి వింటుంది. పొయ్యి ఆర్పి వింటుంది. చాలాసేపు నిలబడి, ఆఖరికి ఒక పళ్ళెం తీసి గోడకేసి కొడుతుంది. జవాబు లేదు. మళ్ళీ కొడుతుంది. మళ్ళీ. అప్పుడు అవతల్నుంచి, నేల మీద పడున్న మనిషి చేతికి అందిన చెంచాతో కొట్టినట్టు, చిన్న చప్పుడు.

ముక్తసరి బుగ్గలు తడిశాయి. కాపురం విడిచిపెట్టి వచ్చిన రోజున రాని నీళ్ళు అవి. తుడుచుకోవడం కూడా తెలియలేదు. లైట్లు వెలిగాక చూస్తే హాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. ఒకాయన కాళ్ళు ముందు సీటు మీద పెట్టి చల్లగా నిద్రపోతున్నాడు.

అబద్ధం ఆడక్కర్లేదన్నమాట. ఆ రాత్రి ఆమె గుండె తేలికపడింది. పొద్దున నిచ్చెన అడుగుతుంది, తను "కూర్చోవచ్చు" అంటుంది. అన్న గండం గడిచిపోతుంది.

శనివారం పొద్దున నిచ్చెన అడిగింది. మూలలు చేతులు మారాయి. ముక్తసరి నోరు తెరిచింది. తెరిచిన క్షణంలో ఆమెకి వదిన ఆపేసిన కత్తిపీట గుర్తొచ్చింది, అన్న కుదరని నవ్వు గుర్తొచ్చింది. ఒక్క మాట సరిపోతుందా అనిపించింది. ఇంత పెద్ద అవసరానికి అంత చిన్న మాటా అనిపించింది. పైగా ఆ పళ్ళెం చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

"చాలా బాగుందే. అలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉంటారు, మధ్యలో గోడ..." అని మొదలుపెట్టింది. వెనక్కి వెళ్ళాల్సిన మనిషి వెళ్ళలేదు. దుప్పటి మధ్యలో జారి నేల మీద పడింది. ఉతికిన దుప్పటి. మేస్త్రీ అటునుంచి కేకేశాడు. అయినా ఆమె ఆగలేదు. గోడ సంగతి చెప్పింది, గిన్నెల సంగతి చెప్పింది, తప్పకుండా రావాలంది, పిల్లల్ని తీసుకురమ్మంది, అందరికీ చెప్పమంది. చెప్తున్నకొద్దీ గొంతు పెరిగింది. పక్క జోడీలు దుప్పట్లు పట్టుకుని అలాగే నిలబడి చూశాయి.

నిచ్చెన కళ్ళు చిన్నవి చేసింది. "ఏమైందే నీకు? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. సినిమా బాగుంది."

"ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకోకపోవడం చూడ్డానికి టికెట్టెందుకే? మా ఇంటికి రా. నేనూ మా తోటికోడలూ రోజూ ఆడుతున్నాం. మా ఆటకి ఇంటర్వెల్ కూడా లేదు."

అందరూ నవ్వారు. ఎప్పుడూ రోలర్ మిషను వదిలి రాని పిన్ని చేతులు తుడుచుకుంటూ ఇటొచ్చింది. ముక్తసరి మొహంలోకి కాసేపు చూసింది. జాలిగానే చూసింది.

"వాడిన కూరల మీదే నీళ్ళెక్కువ చల్లుతారమ్మా" అంది. "మీ అన్నయ్య చెప్పమన్నాడా?"

లేదంటే అబద్ధం. అవునంటే నిజం. ఆ నిజంతో అసలు నిజం చచ్చిపోతుంది. 

"అడిగాడు. కానీ..."

ఆ కానీ తర్వాత ఏముందో ఎవరూ వినలేదు. నిచ్చెన మూలలు లాక్కుని వెనక్కి నడిచింది. పిన్ని తిరిగి రోలర్ దగ్గరికి పోయింది. మిషన్ల మోత మళ్ళీ అందరి మీదా కప్పుకుంది.

ఆదివారం హాలు గేటు దగ్గర ముక్తసరి పొద్దున్నించీ నిలబడింది. ఏ ఆటోలోంచి ఎవరు దిగుతారా అని చూసింది. దిగినవాళ్ళు పక్కనున్న మందుల షాపుకి పోయారు. ఆమె సిగ్గు విడిచి సినిమాకి రమ్మని కుళాయి దగ్గర అడిగింది, కూరల కొట్టు దగ్గర అడిగింది, దర్జీ ముందు నిలబడి అడిగింది. జీవితంలో నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి వీధి వీధంతా సినిమా కథ చెప్పుకుంటూ తిరిగింది. "హాలువాళ్ళ పిల్ల కదూ, చెప్పక చస్తుందా" అన్నాడు దర్జీ, ఆమె మెట్లు దిగకముందే. అతను గొంతు తగ్గించుకోలేదు. తగ్గించుకోవాల్సిన సంగతి కాదనుకున్నాడు.

ఇంట్లో వదిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. గోడ అవతల ఖాళీ హాల్లో సినిమా నడుస్తోంది. మాటల్లేని సినిమా కాబట్టి గోడ గుండా గిన్నెల చప్పుళ్ళు తప్ప ఏమీ రావు. వదిన తన వంటగదిలోనే ఎవరో తిరుగుతున్నట్టు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది.

"నువ్వు నోరు విప్పితే ముత్యాలు రాలతాయన్నారు మీ అన్నయ్య" అంది ఆడపడుచు వైపు చూడకుండా. "రాలాయి సరే. ఏరుకునేవాళ్ళేరి?" ఆ మాట అనేసి, తన నోరే తనకి చేదైనట్టు పైట కొసతో మూతి తుడుచుకుంది. "ఈ గదులు పోతే ఎక్కడికెళ్తామే? మీ అన్నయ్య సంగతి వదిలేయ్. ఆయన నిలబడ్డచోటే పడుకుంటారు. మనం?"

సోమవారం ముక్తసరి జరిగింది దిద్దుకోవాలని చూసింది. మొదటి దుప్పటి మూలలు కలుపుతూ, ఎప్పటి గొంతుతో, ఎవరూ అడక్కుండానే "కూర్చోవచ్చు" అంది. నిచ్చెన పగలబడి నవ్వింది. "పాత పాట ఎత్తుకున్నావా. ఇప్పుడు రాగం కుదరదులే."

"నిచ్చెనా." ముక్తసరి దుప్పటి వదిలేసి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఒక్కసారి రావే. నీకు నచ్చకపోతే నా మొహాన ఉమ్మి పో. నాకింక నిన్ను అడగడం తప్ప దారి లేదు. రేపో ఎల్లుండో మా సామాన్లు బయట ఉంటాయి."

నిచ్చెన నవ్వు ఆగిపోయింది. తన చేతి మీదున్న ఆ వేళ్ళకేసి చూసింది. గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"అలా చెప్పు మరి. కష్టంలో ఉన్నాం, రా అంటే రానా? ఇవాళే వస్తా, పిల్లల్ని కూడా తెస్తా. కానీ బాగుందని మాత్రం నాతో అనకే. మన ఇద్దరి మధ్యా ఆ ఒక్క నిజమైనా మిగలనీ."

ఆ సాయంత్రం నిచ్చెన నిజంగానే వచ్చింది. పిల్లలు ఖాళీ వరసల్లో పరుగులు తీశారు. వాళ్ళని అదిలిస్తూ, నీళ్ళు తాగిస్తూ, మధ్యమధ్యలో ముక్తసరి వైపు తిరిగి ధైర్యం చెప్తున్నట్టు తలూపుతూ, చావింటికి పలకరింపుకి వచ్చిన మనిషిలా కూర్చుంది. తెర మీద చెల్లెలు గోడకేసి పళ్ళెం కొట్టేటప్పటికి నిచ్చెన చిన్నవాడి చెప్పు కోసం సీటు కింద వెతుకుతోంది.

మర్నాడు మూలలు కలిశాక, ఎన్నడూ లేనిది ముక్తసరే అడిగింది. "ఎలా ఉంది?"

"వచ్చాను కదే" అంది నిచ్చెన మెత్తగా.

అంతకంటే తిట్టినా బాగుండేది. ఆ రోజంతా ముక్తసరి దుప్పట్లు మడిచింది. తను చూసింది నిజంగా మంచి సినిమాయేనా, లేక అన్న అడిగాడని కళ్ళు తడిశాయా అని తనలో తనే తవ్వుకుంది. తవ్వగా తవ్వగా తనకి కూడా తెలియలేదు. అదే అన్నింటికంటే ఎక్కువగా భయపెట్టింది.

అందుకే బుధవారం ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి, మ్యాట్నీకి వెళ్ళి ఇంకోసారి కూర్చుంది. ఆమె కాక హాల్లో ఉన్నది ఇద్దరే. ఒకడు యజమాని మనిషి, ఇంకొకడు సిమెంటు వ్యాపారి. సినిమా నడుస్తుండగానే వాళ్ళు టేపు సాగదీసి గోడ నుంచి గోడకి కొలుస్తున్నారు. "ఈ కుర్చీలు పీకడానికి ఎంతసేపు" అని ఒకడు అడుగుతున్నాడు. తెర వెలుగు వాళ్ళ వీపుల మీద పడుతోంది. పళ్ళెం చప్పుడు వచ్చింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ. ముక్తసరికి వెతుక్కోకుండానే ఏడుపు వచ్చింది. ఈసారి ఏ సందేహమూ లేదు. సినిమా బాగుంది. బాగుందని తెలిసింది ఆ హాల్లో తనొక్కదానికే.

ఇంటికొచ్చేసరికి అన్న కూడా మ్యాట్నీ ముగించుకుని వచ్చాడు. మంచం మీద కూర్చుని ఉన్నాడు. హాలు మూసేస్తానన్న యజమాని మాట వదినకి అప్పటికే చెప్పేసినట్టున్నాడు. వదిన మొహం గోడవైపు తిప్పుకుని బట్టలు మూటగడుతోంది. ఎందుకు మూటగడుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు. ఒకే చీర రెండుసార్లు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"రా చెల్లాయ్, కూర్చో." అన్న గొంతు ప్రశాంతంగా ఉంది. "నిచ్చెన అట కదా, ఆవిడ కనిపించింది. నా కోసం నువ్వు షెడ్డులో ఎంతలా చెప్పావో, మేస్త్రీ చేత ఎలా తిట్లు తిన్నావో అంతా చెప్పింది. నీచేత అబద్ధం ఆడించాను. ఆ పాపం నాదేలే."

"అబద్ధం కాదన్నయ్యా. నాకు నచ్చింది."

అన్న నవ్వాడు. చిన్నపిల్లలు దెబ్బ తగల్లేదని చెప్పినప్పుడు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "సర్లే."

"సర్లే కాదు. ఇవాళ మళ్ళీ చూశాను. ఒట్టు. నేను చూసినవాటిలో అంత మంచి సినిమా లేదు. నువ్వైనా నమ్మన్నయ్యా."

ఆ గొంతులో ఏముందో గానీ ఆయన నవ్వు ఆపాడు. ఇన్నేళ్ళుగా బొమ్మ సరిగ్గా పడుతోందా, శబ్దం సరిగ్గా వస్తోందా అని చూడటమే తప్ప, ఆయనెప్పుడూ కూర్చుని సినిమా చూసినవాడు కాదు. ఏది మంచిదో ఏది కాదో చెల్లెలి మాటతోనే ఆయనకీ తెలిసేది. ఆమె కళ్ళలోకి చూశాడు. చూసి, నమ్మాడు. నమ్మినట్టు ముక్తసరికి తెలిసింది. వారం రోజుల్లో మొదటిసారి ఆమెకి ఊపిరి ఆడింది. ఆ ఊపిరి తీసుకునేలోపే ఆయన ఇంకో మాట అడిగాడు.

"నేను అడక్కపోయి ఉంటే, వాళ్ళకేం చెప్పేదానివి?"

వదిన చేతిలో చీర ఆగింది.

ముక్తసరికి జవాబు తెలుసు. శనివారం నుంచీ తెలుసు. ఆ జవాబు అన్న చెవిన పడకూడదనే వీధులు పట్టుకు తిరిగింది, నిచ్చెన చెయ్యి పట్టుకుంది. ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు. కానీ ఇప్పుడే నమ్మిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఇంకో అబద్ధం చెబితే ఆ నమ్మకం కూడా పోతుంది.

"ఎప్పుడూ చెప్పేదే" అంది నేలచూపులు చూస్తూ. "ఒక్క మాట."

అన్నకి ఆ ఒక్క మాట ఏమిటో తెలుసు. అది పలికిన ఆదివారాలు ఎలా ఉండేవో, మిషను గది కిటికీలోంచి చూసినవాడికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఈసారి ఆ మాట రాకుండా చేసింది తను అడగడమేనని ఆయనకి అర్థమైంది. మోకాళ్ళ మీదున్న చేతుల్ని చూసుకున్నాడు. ముక్తసరి ఒక అడుగు దగ్గరికి వేసింది. "అన్నయ్యా, అది కాదు..." అంది. 

గోడకి అవతల హాలు నిశ్శబ్దంగా ఉంది. సాయంత్రం ఆటకి ఇంకా టైముంది. అన్న లేచి, కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు. వదిన వైపు గానీ, చెల్లెలి వైపు గానీ చూడకుండా గడప దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, హాలు వైపు కాక వీధి వైపు నడిచి వెళ్ళిపోయాడు.